సిలిండర్ అరగదీసిన వెబ్లీ: ఏడేళ్లు వాడాక నా మాట

ఏడేళ్ల కిందట టెక్సస్‌లో ఒక గన్ షోలో ఈ వెబ్లీ మార్క్ 6 కొన్నాను. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న రివాల్వర్ ఇది. దీని అసలు తూటా .455 వెబ్లీ. నాకు దొరికినది మాత్రం సిలిండర్ (ఆరు తూటాలు పట్టే, తిరిగే భాగం) వెనక కాస్త అరగదీసి, .45 ఏసీపీ అనే పిస్టల్ తూటా పట్టేలా మార్చినది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగులు సరుకుగా అమెరికా చేరిన వెబ్లీలు చాలావాటికి ఇదే గతి పట్టింది. .455 తూటాలు దొరకడం కష్టం, ఏసీపీ ఏ షాపులోనైనా ఉండేది. ఏసీపీకి వెనక అంచు ఉండదు కాబట్టి, మూడేసి తూటాలు పట్టే రేకు క్లిప్పుల్లో గుచ్చి పెట్టాలి.

"షాపు తూటాలు హాయిగా కాల్చుకోండి" అన్నాడు అమ్మినాయన. నమ్మేశాను.

.455 తూటా పేలినప్పుడు లోపల పుట్టే ప్రెషర్ సుమారు 13,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .45 ఏసీపీకి అమెరికా ప్రమాణాల్లో గరిష్ఠ హద్దు 21,000. అంటే ఒకటిన్నర రెట్లకు పైమాటే. చాలామంది మోసపోయేది గుండు బరువు చూసి. .455 గుండు 265 గ్రెయిన్లు, ఏసీపీది మామూలుగా 230. చిన్న గుండు కదా, తుపాకీకి తేలికే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

మొదటి ఏడాదిలో రెండు వందల దాకా షాపు తూటాలు కాల్చాను. ఒకరోజు తుడుస్తూ బ్యారెల్ పట్టుకుని ఆడిస్తే, దాన్ని ఫ్రేముకి బిగించి ఉంచే గొళ్లెం దగ్గర టక్కుమని సన్నటి చప్పుడు. కొన్నప్పుడు అది లేదు. గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే లైటుకెదురుగా పట్టి చూపించాడు: గొళ్లెం కింద వెంట్రుకంత వెలుతురు. తర్వాత భూతద్దం ఇచ్చి సిలిండర్ మీది గాళ్లు చూడమన్నాడు. సిలిండర్‌ని ఆపే ఆ గాడి కిందే గోడ బాగా పలచన, పగులు పట్టేది అక్కడే. అదృష్టం, నా దానికి పగులు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాన్ని మా అబ్బాయి చేతికి కూడా ఇచ్చాను మరి.

అప్పటినుంచి .45 ఆటో రిమ్ అనే రకం కేసుల్లో (తూటా వెనక ఉండే ఇత్తడి గొట్టాల్లో), సీసం గుండుతో, .455 ప్రెషర్ దాటకుండా నింపినవే కాలుస్తున్నాను. ఆ కేసుకి మందమైన అంచు ఉంటుంది, క్లిప్పు అక్కర్లేదు. చేతికి మెత్తగా ఉంటుంది, గొళ్లెం వదులు ఇంకా పెరగలేదు. అసలు .455 తూటా మాత్రం దీనికిక పనికిరాదు. అరగదీసినంత మేర వెనక సందు మిగిలిపోయింది. పాత వస్తువులు సేకరించేవాళ్లూ దీన్ని ముట్టుకోరు.

గుంటూరు నుంచి మా బాబాయి ఫోన్ చేసి, తన .32 తుపాకీని వేరే తూటాకి మార్పించొచ్చా అని అడిగాడు. వద్దు బాబాయ్ అన్నాను. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం అందుకు లైసెన్సు లేనివాడు తుపాకీని మారిస్తే అదే నేరం. ప్రాణం సంగతి సరేసరి.

పోయిన నెల షూటింగ్ రేంజ్‌లో, నేను నీళ్లు తాగొచ్చేలోపు ఒక తమ్ముడు నా పెట్టెలోని పాత క్లిప్పులకి తన ఏసీపీ తూటాలు గుచ్చి వెబ్లీలో పెట్టేశాడు. "సరిగ్గా పట్టాయి కదన్నా!" అన్నాడు. ఆరూ బయటికి తీయించాను. క్లిప్పు లేకపోతే నా సిలిండర్‌లో ఏసీపీ లోపలికి జారిపోతుంది, తూటాని పేల్చే పిన్ను అందదు. ఆ క్లిప్పులన్నీ అక్కడే వంచి చెత్తబుట్టలో వేసి ఇంటికొచ్చాను.