ప్రభుత్వ కార్డా, ప్రైవేటు పాలసీయా? పర్లాకిమిడి నుంచి ఒక పోలిక

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మా పర్లాకిమిడిలో జబ్బు ముదిరితే బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖో బయల్దేరాల్సిందే. అందుకే ప్రభుత్వ ఆరోగ్య కార్డు రాష్ట్ర సరిహద్దు దాటాక పనిచేస్తుందా అన్నదే మాకు అసలు ప్రశ్న.

ఒడిశాలో 2018లో మొదలైన రాష్ట్ర ఆరోగ్య పథకం బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన పోయి, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం పథకం ఆయుష్మాన్ భారత్, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. ప్రీమియం లేదు. షుగరు, బీపీ ముందే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. పథకంలో చేరిన ఆసుపత్రి అయితే వేరే రాష్ట్రంలోనూ చెల్లాలి. కానీ విశాఖలో జాబితాలో ఉన్న ఒక ఆసుపత్రిలోనే, అమ్మ ప్లాస్టిక్ కవర్లోంచి కార్డు తీసి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఒడిశా కార్డా? ముందు డబ్బు కట్టండమ్మా" అన్నారు. రెండు గంటలు నిలబడే ఉన్నాం. అమ్మ మోకాళ్లు పట్టుకుని గోడకు ఆనుకుంది.

మనం సొంతంగా తీసుకునే ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, మంచిదే. అయినా వయసుతో పాటే ప్రీమియం పెరుగుతుంది, పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

అమ్మ విషయంలో నేను ఇప్పటికీ ప్రభుత్వ కార్డునే నమ్ముతాను. అది ఎక్కడ చెల్లుతుందో బండి ఎక్కకముందే మాకు తెలుగులో చెప్పే ఏర్పాటు ముందు కావాలి.