సీనియర్ రెసిడెన్సీకి విశాఖ మేలా, కొరాపుట్ మేలా?

ఒడిశాలోని జయపురం, పర్లాకిమిడి, బరంపురం తెలుగిళ్లలో వైద్యంలో పీజీ ముగించబోయే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. సీనియర్ రెసిడెన్సీ అంటే పీజీ అయ్యాక బోధనాసుపత్రిలో డాక్టరుగా చేసే ఉద్యోగం. ఒక రోగితో మొదలుపెడతాను.

నెలలు నిండిన గర్భిణి ఫిట్స్‌తో వచ్చింది. ఫిట్స్ ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ సిరంజిలోకి ఎక్కించేది, మూత్రం ఎంత వచ్చిందో గంటగంటకూ రాసేది ఎంబీబీఎస్ ముగిస్తున్న ఇంటర్న్. మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టి కాలు కదిలిందా, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గిందా అని చూసి, అంతా సరిగా ఉంటేనే తరువాతి మోతాదు ఇవ్వమనేది పీజీ డాక్టరు. కాన్పు ఎప్పుడు, ఎలా అన్నది తేల్చాల్సింది సీనియర్ రెసిడెంట్. సీనియర్ రెసిడెంట్‌గా నా మొదటి నెలలో అలాంటి రాత్రే మా కన్సల్టెంటు మేడమ్‌కు ఫోను చేస్తే, ‘రోగి దగ్గర ఉన్నది నువ్వమ్మా, ఏం చేద్దామో ముందు నువ్వు చెప్పు’ అన్నారు. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఆ మాట నన్నెవరూ అడగలేదు.

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో రకరకాల కేసులు చూడవచ్చు, చేయి తిరిగిన పెద్దలుంటారు. సూపర్ స్పెషాలిటీ మీద మనసున్నవారికి అదే మేలు.

2017లో మొదలైన కొరాపుట్ వైద్య కళాశాల దారి వేరు. ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం మలేరియా, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు సికిల్ సెల్, రక్తహీనత తెచ్చే ఈ రెండూ ఉన్న నేల అది. గర్భిణి పాలిపోయి కనిపిస్తే ఇనుము మాత్రలు రాసి పంపేయడం కుదరదు. విశాఖకు పంపుదామంటే దాదాపు 200 కిలోమీటర్లు, మధ్యలో ఘాట్లు. దారిలో ఏమవుతుందోనన్న లెక్క కూడా వైద్యంలో భాగమే. పైగా బరంపురంలోలా తెలుగుతో నెట్టుకురాలేం. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే దేశియా నేర్చుకోవాలి. కొంధు గిరిజనుల కువి భాష మాట్లాడే తల్లి వస్తే, ద్రావిడ భాషే అయినా మనకు అందదు, ఆ భాష వచ్చిన ఆయమ్మ పక్కన ఉండాలి.

అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి మామూలుగా అడిగే ఏడాది సీనియర్ రెసిడెన్సీ ఈ రెండింటిలో ఎక్కడ చేసినా లెక్కకు వస్తుంది. పీజీ పెద్ద ఊళ్లో చేసినవారిని నేను కొరాపుట్‌కే వెళ్లమంటాను. పీజీ కూడా చిన్నచోటే చేసినవారు మాత్రం విశాఖకు వెళ్లండి. తోడు లేకుండా రెండోసారీ ఒంటరిగా నేర్చుకుంటే మన తప్పు మనకు కనబడదు, నష్టపోయేది రోగి.

ఏ ఊరైనా సరే, చేరేముందు అక్కడ పనిచేస్తున్నవారిని మూడు సంగతులు అడగండి: రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఉంటారా, రక్తం దొరుకుతుందా, కన్సల్టెంటు ఫోను ఎత్తుతారా?