నాలుగు చలికాలాలు కినోవియాతో: లూజ్ పిల్లల వీడియోలు చూసిన అనుభవం

2002 ఒలింపిక్స్ కోసం అమెరికాలోని యూటా రాష్ట్రం, పార్క్ సిటీలో కట్టిన స్లైడింగ్ ట్రాక్ మా ఇంటికి కారులో నలభై నిమిషాలు. పదిహేను మలుపులు, 1,335 మీటర్ల పొడవు. మా అమ్మాయి తొమ్మిదేళ్లప్పుడు అక్కడ లూజ్ మొదలుపెట్టింది. చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి ఐస్ మీద జారిపోయే ఆట అది. మనవాళ్లకి లూజ్ అంటే గుర్తొచ్చే పేరు శివ కేశవన్. మనాలీ నుంచి వచ్చి, 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. ఊరికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మకి ఈ ఆట గురించి చెప్పాలంటే నేను ఆయన వీడియోతోనే మొదలుపెట్టాను.

మొదటి ఏడాది ట్రాక్ పక్కన నిలబడి ఫోన్‌లో తీసేవాణ్ణి. రెండో ఏడాది కోచ్ వీడియో పని నాకే అప్పజెప్పారు. అప్పుడు ఒక మొబైల్ యాప్ వాడాం, వాడటానికి సులువుగానే ఉండేది. సీజన్ అయ్యాక సేవ ఆపేస్తున్నామని కబురు వచ్చింది. వీడియోలు దించుకున్నాం గానీ, వాటి మీద గీసిన గీతలు, పిల్లల కోసం రాసిన మాటలు అన్నీ పోయాయి. ఒక చలికాలం పని అది, ఇప్పటికీ బాధే. అందుకే ఫైళ్లు నా దగ్గరే ఉండే ప్రోగ్రామ్ కోసం వెతికి కినోవియాకి వచ్చాను. ఆటల వీడియోల్ని నెమ్మదిగా, ఆపి ఆపి చూసి, పోల్చి, కొలిచే ప్రోగ్రామ్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. మాక్ ఉన్నవాళ్లు ఒక పాత విండోస్ ల్యాప్‌టాప్ చూసుకోవాలి. మాదీ అలాంటిదే, బాగానే నడుస్తోంది.

ఇది అన్నిటికన్నా పనికొచ్చింది స్టార్ట్ దగ్గర. లూజ్‌లో రెండు హ్యాండిల్స్ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగి, ఒక్క లాగు లాగి, ఆ హ్యాండిల్స్‌నే వెనక్కి తోసి వదిలేస్తారు. తర్వాత ముళ్ల గ్లవ్స్‌తో ఐస్‌ని మూడు నాలుగు సార్లు గీరి వెనక్కి వాలిపోతారు. గడియారం మొదలయ్యేది హ్యాండిల్స్ దగ్గర కాదు, కాస్త కింద ఉన్న లైట్ బీమ్ దగ్గర. సెకనులో వెయ్యోవంతు దాకా లెక్కపెట్టే ఆటలో అతి ముఖ్యమైన ఆ లాగు గడియారానికి నేరుగా కనబడదు. మామూలు కంటికీ అందదు.

మా జట్టులో ఒక పిల్లకి బలం ఉంది, స్టార్ట్ మాత్రం రావట్లేదు. అందరం "ఇంకా గట్టిగా లాగు" అనేవాళ్లం, నేను కూడా. ఆ అమ్మాయి తీసిన మంచి స్టార్ట్ ఒకటి, ఆ రోజుది ఒకటి పక్కపక్కన పెట్టాను. కినోవియాలో రెండు వీడియోలు ఒకే తెర మీద తెరిచి, రెండిట్లోనూ ఒకే క్షణాన్ని ఎంచుకుని జత కలపొచ్చు. చేతులు హ్యాండిల్స్ వదిలిన ఫ్రేమ్ (వీడియోలోని ఒక్క బొమ్మ) దగ్గర కలిపాను. మంచిదాంట్లో మోచేతులు పూర్తిగా చాచుకున్నాక వదిలింది. ఆ రోజుదాంట్లో మోచేతులు ఇంకా వంగే ఉన్నాయి, తోపు సగంలోనే వదిలేసింది. లాగడంలో లోపమే లేదు. ఆ అమ్మాయి ఆ రెండు ఫ్రేములూ చూసి ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి, హ్యాండిల్స్ దగ్గర కూర్చుని తోపొక్కటే సాధన చేసింది. నెలల తరబడి మేం చెప్పింది తప్పని ఆ రోజు తెలిసింది. ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను.

కెమెరా సంగతి ప్రోగ్రామ్ కన్నా ముందు నేర్చుకోవాలి. మా పిల్లలు ట్రాక్ పై చివర నుంచి కాదు, కింద ఉన్న స్టార్ట్‌ల నుంచి వస్తారు. గంటకి 90 కిలోమీటర్లంటే సెకనుకి 25 మీటర్లు. సెకనుకి 30 ఫ్రేములతో తీస్తే ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య స్లెడ్ 83 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అసలు తప్పు ఆ ఖాళీలోనే దాక్కుంటుంది. 240తో తీస్తే పది సెంటీమీటర్లే. షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో వెయ్యోవంతు ఉంటే మసక రెండున్నర సెంటీమీటర్లకి తగ్గుతుంది. సాయంత్రం దీపాల కింద అంత వెలుతురు దొరకదు. పైగా ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి కొన్ని దీపాలు సెకనుకి 120 సార్లు మిణుకుతాయి, 240 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము వెలుగు, ఒకటి చీకటి. అలాంటి చోట 120కి దిగిపోతాను. ఇంకో మాట: ఫోన్ స్లో మోషన్ ఫైలు తెరిచాక అసలు ఎన్ని ఫ్రేములతో తీశారో కినోవియాకి చెప్పాలి. చెప్పకపోతే దాంట్లోని స్టాప్‌వాచ్ కాలాన్ని ఎనిమిది రెట్లు సాగదీసి చూపించే ప్రమాదం ఉంది.

కోణాలు కొలిచే పనిముట్టు గురించి జాగ్రత్త. కినోవియా వాడిన మొదటి చలికాలం నేను ప్రతి స్టార్ట్‌లోనూ నడుము వంపు కొలిచి పట్టిక రాసేవాణ్ణి. ఒక అబ్బాయికి బాగా మెరుగైందని వాళ్ల అమ్మానాన్నలకి చెప్పాను కూడా. తర్వాత రెండు వీడియోలూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే ట్రైపాడ్ వేరే చోట ఉంది. మారింది అబ్బాయి నడుము కాదు, నేను నిలబడ్డ చోటు. వాళ్లకి ఫోన్ చేసి ఆ మాట చెప్పడం కష్టమైంది. అప్పటి నుంచి ట్రైపాడ్ కాళ్లు పెట్టేచోట చెక్క మీద టేపు అంటించాను, ఎత్తు కూడా రాసుకున్నాను. కెమెరా సరిగ్గా పక్క నుంచి, సూటిగా లేకపోతే కోణం కొలవను.

మలుపుల్లో దీని ఉపయోగం తక్కువ, కానీ ఉంది. కదలని కెమెరాతో మలుపు చివర తీసి, రెండు రన్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే, ఎవరు ఎంత ఎత్తున వచ్చారో, ఎక్కడ కిందికి దిగారో తేలిగ్గా తెలుస్తుంది. వస్తువు వెంట గీత గీసే ట్రాకింగ్ మాత్రం తెల్ల ఐస్ మీద తెల్ల హెల్మెట్‌ని పట్టుకోలేదు. హెల్మెట్ పక్కన నల్ల టేపు ముక్క పెడితే కాస్త నయం. ఆ గీతని చేత్తో సరిదిద్దుతూ కూర్చునే ఓపిక ఉండాలి. ఒక రాత్రి దానికే రెండు గంటలు పెట్టి, తెల్లారి ట్రాక్ దగ్గర నిద్రమొహంతో నిలబడ్డాక మానేశాను.

స్లెడ్ నడిపేది పిక్కలతో, భుజాలతో. ఆ ఒత్తిడి వీడియోలో కనిపించదు. అందుకే ల్యాప్‌టాప్ తెరవకముందు పిల్లల్ని అడుగుతాను. "నాన్నా, పన్నెండో మలుపులో ఆలస్యంగా నొక్కాననిపించింది" అంటుంది మా అమ్మాయి. అప్పుడు పన్నెండే చూస్తాం, ఒక్కటే. మొదట్లో రన్ మొత్తం చూపించి ఏడెనిమిది తప్పులు చెప్పేవాణ్ణి. తర్వాతి రన్‌లో పిల్లలు బిగుసుకుపోయి గోడలకి తగిలేవారు. ఈ ఆటలో ఒళ్లు బిగిస్తే స్లెడ్ మాట వినదు. చిన్నపిల్లలకి రోజుకి ఒక్క క్లిప్ చాలు అని కోచ్ గట్టిగా చెప్పారు, ఆయన మాటే నిజమైంది.

చలి సంగతులు కొన్ని. సున్నాకి పదిహేను డిగ్రీలు కిందికి వెళ్తే ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. రన్‌ల మధ్య లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుతాను. ల్యాప్‌టాప్ వెచ్చటి గదిలోనే తెరుస్తాను. ట్రాక్ మీదికి వంగి తీయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. సిబ్బంది చూపించిన చోటు నుంచే తీయాలి. వీళ్లంతా మైనర్లు కాబట్టి ప్రతి కుటుంబం దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టం.

జాతీయ జట్లకి డార్ట్‌ఫిష్ లాంటి డబ్బు కట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. మా స్థాయి క్లబ్బుకి కినోవియా, 240 ఫ్రేములు తీసే ఫోన్, బరువైన ట్రైపాడ్, ఒక టేపు చుట్ట సరిపోయాయి. 2034 ఒలింపిక్స్ మళ్లీ యూటాకే వస్తున్నాయని తెలిసిన రోజు పిల్లలు తమ వయసులు లెక్కేసుకుంటూ కూర్చున్నారు. అప్పటికి మా అమ్మాయికి ఇరవై నాలుగు. ఇప్పుడు తన స్టార్ట్‌లు తనే తెరిచి, జత కలిపి, మోచేతుల దగ్గర ఆపుతుంది. మొన్న శనివారం నేను మౌస్ అందుకోబోతే, "ఆగు నాన్నా, ముందు నన్ను చూడనీ" అంది.