పొయ్యింటి థియేటరు: నాలుగేళ్లు వాడాక

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది పాత వంటిల్లు. కర్నూలు పాతబస్తీలో తాతగారు కట్టించిన చౌడుమిద్దె మాది, అంటే దూలాల మీద చౌడు మట్టి పరిచి కప్పు వేసిన ఇల్లు. ఆ గది పొడవు 16 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. ఒక పక్క గోడకు కట్టెల పొయ్యి గూడు, దాని మీద నుంచి మిద్దె దాటి పైకి పోయే పొగగొట్టం. గ్యాసు వచ్చి వంట పక్క గదిలోకి మారినా, చలికాలం సాయంత్రాలు అందరం ఆ పొయ్యి దగ్గరే చేరేవాళ్లం. 2021 చివర్లో ఆ గదిని హోం థియేటరుగా మార్చాను. వారానికి నాలుగైదు రోజులు వాడుతున్నాం. కొన్న వస్తువులు చాలావరకు బాగానే పనిచేస్తున్నాయి. నా నిర్ణయాల్లోనే సగం తప్పులు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ తప్పుల గురించే.

పొయ్యి పగలగొడితే గోడ సాపుగా వస్తుందని వడ్రంగి మొదటి రోజే చెప్పాడు. అవ్వ గుమ్మంలో నిలబడి, "నేనుండగా ఆ పొయ్యి మీద గడ్డపార పడదు నాయనా" అంది. ఆ చర్చ అక్కడితో ముగిసింది. పొయ్యి ఉండిపోయింది కాబట్టి టీవీ దాని పైన పెడితే చూడముచ్చటగా ఉంటుందని నాకు తోచింది. 65 అంగుళాల టీవీ తెచ్చి అక్కడే బిగించాను.

కూర్చున్న మనిషి కళ్లు నేలకు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. మా టీవీ మధ్యభాగం ఆరున్నర అడుగుల ఎత్తులో ఉంది. తొమ్మిది అడుగుల దూరం నుంచి చూడాలంటే చూపు దాదాపు 18 డిగ్రీలు పైకెత్తాలి. 15 దాటితే మెడ పట్టేస్తుంది. గాలిగోపురాన్ని రెండు నిమిషాలు చూడొచ్చు, రెండున్నర గంటలు చూడలేం కదా. నాన్న మంచం వేసుకుని పడుకుని చూస్తే హాయిగా ఉందని కనిపెట్టారు, కానీ విశ్రాంతి దాకా ఎప్పుడూ మేలుకోలేదు. మాటలు పలికే మధ్య స్పీకరును పొయ్యి గూట్లో పెట్టాను. ముఖాలు పైన, గొంతులు మోకాళ్ల దగ్గర. పైగా ఆ గొంతులు కుండలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపించేవి.

ఆరు నెలలు ఓర్చుకుని అంతా తిప్పేశాను. పొయ్యికి ఎదురు గోడ మీద 100 అంగుళాల తెర, దూలానికి ప్రొజెక్టరు. ఆ తెర వెడల్పు 221 సెంటీమీటర్లు, ఎత్తు 125. పదిన్నర అడుగుల దూరంలో సోఫా వేస్తే చూపులో 38 డిగ్రీల మేర తెరే నిండుతుంది. సినిమాకు 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే చాలు. తెర కింది అంచు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంది, కళ్లు దాని కింది మూడో వంతుకు ఎదురుగా వస్తాయి. గవాక్షికి నల్లరంగు వేసిన చెక్క బిగించాక పట్టపగలు కూడా చీకటే. టీవీని నాన్న గదిలో పెట్టాం, మంచానికి ఎదురుగా.

పొగగొట్టం సంగతి విడిగా చెప్పాలి. రిసీవరును పొయ్యి గూట్లోనే ఉంచాను. స్పీకర్లన్నిటికీ శబ్దం అందించే పెట్టె అది, బాగా వేడెక్కుతుంది. వేడిగాలి దానంతట అదే గొట్టంలోంచి పైకి పోతుంది కదా, ఇంతకన్నా మంచి చోటు ఏముందని మురిసిపోయాను. ఒకరోజు పక్కింటి పెద్దమ్మ పిట్టగోడ మీదుగా అమ్మతో, "రాత్రి సినిమాలో ఆ పిల్ల చనిపోకుండా ఉంటే బాగుండేది వదినా" అంది. అమ్మ ఆ సినిమా సగంలోనే నిద్రపోయింది, కథ ముగింపు పక్కింటావిడ చెబితే తెలిసింది. మా రాతి గోడలు రెండడుగుల మందం, వాటిలోంచి అక్షరం కూడా బయటికి పోదు. పొగగొట్టం మాత్రం మైకు గొట్టంలా ఊరికంతా వినిపిస్తోంది.

వెంటనే గొట్టంలో గోనెసంచులు కుక్కాను. మే నెల రాగానే రిసీవరు గంటకోసారి తనంతట తనే ఆగిపోవడం మొదలుపెట్టింది. చివరికి కుదిరిన ఉపాయం ఇది: గొట్టం పైన వాన పడకుండా, పావురాలు దిగకుండా బండ మూత వేసి, పక్కన సందు వదిలాం. లోపల రెండు మలుపులు తిరిగే చెక్క గూడు కట్టి, దానికి రాక్‌వూల్ అనే రాతి ఉన్ని అతికించాం. గాలి మలుపు తిరిగి పోతుంది, శబ్దం మాత్రం ఆ ఉన్నిలో ఇంకిపోతుంది. కంప్యూటర్లలో ఉండే 12 సెంటీమీటర్ల చిన్న ఫ్యాను నెమ్మదిగా గాలిని పైకి తోస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఏ ఎండాకాలంలోనూ రిసీవరు ఆగలేదు. పెద్దమ్మ మాత్రం కాస్త నిరాశపడినట్టుంది.

మధ్యలో ఒకసారి, బరువైన మోతలు పలికే స్పీకరైన సబ్‌వూఫర్‌ను కూడా ఆ గూట్లో పెట్టి చూశాను. బాంబు పేలినా, డప్పు మోగినా, లారీ వెళ్లినా ఒకే మోత. తర్వాత దాన్ని సోఫాలో నేను కూర్చునే చోట పెట్టి, మోత ఆపకుండా గది అంచుల వెంట మోకాళ్ల మీద పాకుతూ విన్నాను. మోత ఎక్కడ నిండుగా, స్పష్టంగా వినిపిస్తే సబ్‌వూఫర్‌కు అదే చోటు. మాకు తెర ఎడమ పక్క, మూలకు మూరెడు ఇవతల కుదిరింది. ఇంట్లో వాళ్లు చూసి నవ్వుతారు, అయినా పాకండి.

డబ్బు ముందుగా దేనికి పెట్టాల్సింది? గదికి. మా నేలంతా బేతంచెర్ల బండలు, గోడలన్నీ సున్నం పూసిన రాయి. చప్పట్లు కొడితే శబ్దం గోడల మధ్య బంతిలా ఎగిరేది. ఎంత మంచి స్పీకర్లు పెట్టినా మాటలు అర్థంకాక శబ్దం పెంచుతూ పోయేవాళ్లం. థర్మోకోల్ అతికించమని ఒకరు, కోడిగుడ్ల అట్టలు కొట్టమని మరొకరు చెప్పారు. రెండూ చేశాను, రెండూ పీకేశాను. పని చేసింది రెండంగుళాల రాక్‌వూల్. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చెక్క చట్రాల్లో దాన్ని పరిచి, గాలి ఆడే నూలు గుడ్డ చుట్టి, ఎనిమిది పలకలు గోడలకు తగిలించాం. కోసేటప్పుడు చేతికి తొడుగులు, ముఖానికి గుడ్డ తప్పనిసరి, లేకపోతే రెండు రోజులు దురదే. నేల మీద మందపాటి జంబుఖానా వేశాం. మొత్తం ఖర్చు మూడు లక్షలు దాటితే, అందులో ఈ పనికి అయింది 28 వేలు. స్పీకర్లు మార్చినప్పుడు తెలియని తేడా ఈ 28 వేలతో తెలిసింది.

తల మీద నుంచి కూడా శబ్దం వినిపించేలా చేసే పద్ధతి ఆట్మాస్. అందులో పైకప్పుకు తగిలి శబ్దం కిందికి వచ్చే రకం స్పీకర్లు చౌడుమిద్దెలకు పనికిరావు. వాటికి 7.5 నుంచి 12 అడుగుల ఎత్తులో చదునైన కప్పు కావాలి. మా ఎత్తు సరిపోయింది కానీ దూలాలు, దంతెలు శబ్దాన్ని ముక్కలు చేసి నలుమూలలా విసిరేశాయి. వాటి బదులు రెండు చిన్న స్పీకర్లను దూలాలకే వేలాడదీశాను. ఇప్పుడు వాన సన్నివేశం వస్తే అవ్వ మిద్దె కారుతోందేమోనని పైకి చూస్తుంది.

ప్రొజెక్టరు 2,600 గంటలు దాటింది. బల్బు ఇంకా మార్చలేదు, వెలుగు తగ్గిన మాట మాత్రం నిజం. నెలకోసారి జాలీ దులపకపోతే మా ఊరి దుమ్ముకు ఊపిరాడదు దానికి. చిన్న యూపీఎస్ పెట్టడం మంచిదయింది. కరెంటు పోయినా ఫ్యాను తిరిగి బల్బు చల్లబడుతుంది. ఎండాకాలంలో ఏసీ లేకుండా వేయను. ఇలాంటి ప్రొజెక్టర్లు 35, 40 డిగ్రీల వరకే తట్టుకుంటాయి, మా ఎండలు అంతటితో ఆగవు.

ఒక్క విషయంలో నాన్నతో ఇంకా రాజీ కుదరలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి ఊరిని ముంచినప్పుడు ఈ గదిలో నీళ్లు నిలిచిన గీత గోడ మీద ఉంది. రంగు వేసినా ఆ మూర మేర వదిలేయించారు. ప్లగ్గులన్నీ ఆ గీతకు పైనే పెట్టించారు. రిసీవరు మాత్రం గూట్లో, గీతకు కిందే ఉండిపోయింది. అందుకే కేబుళ్లన్నీ రెండు మూరలు పొడుగ్గా వదిలి, ఒక్కోదానికి పేరు రాసి అతికించాను. ఏటా అక్టోబరులో ముసురు పట్టగానే ఆయన నిచ్చెన తెచ్చి పొయ్యి పక్కన పెడతారు. నేను రిసీవరు ఎత్తి అటక మీదికి చేరుస్తాను. ఆ వారం సినిమా లేదు.