ఆటోనగర్ షాపులో నాలుగేళ్లుగా ఫ్రీక్యాడ్

మా షాపుకి డ్రాయింగుతో వచ్చే జాబులు తక్కువ. గుంటూరు కారం మిల్లు నుంచో, ఉయ్యూరు వైపు రైస్ మిల్లు నుంచో ఎవరో ఒకరు గోనెసంచిలో విరిగిన ముక్క పట్టుకొస్తారు. "ఇలాంటిదే కావాలండీ, రేపు పొద్దున మిల్లు తిరగాలి" అంటారు. వెర్నియర్‌తో కొలుస్తాం, సిగరెట్ పెట్టె అట్ట మీదో, బెంచీ మీద సుద్దతోనో బొమ్మ గీస్తాం, చేసిచ్చేస్తాం. ఆరు నెలలకి అదే ముక్క మళ్లీ విరిగి వస్తే కొలతలు మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలి. పాత అట్ట ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. విజయవాడ ఆటోనగర్‌లో రెండు లేత్‌లు, ఒక సెకండ్‌హ్యాండ్ వీఎంసీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మిల్లింగ్ మెషిన్) ఉన్న చిన్న షాపు మాది. ఈ కొలతలు పోవడం ఆపాలనే నేను సాలిడ్ మోడలింగ్, అంటే కంప్యూటర్లో ముక్కని త్రీడీ బొమ్మగా గీయడం, మొదలుపెట్టాను.

అంతకుముందు వాడిన ప్యాకేజీకి ఏడాదికోసారి డబ్బు కట్టాలి. ఒకసారి కట్టడం ఆలస్యమైంది. నేను గీసుకున్న మోడళ్లు నాకే తెరుచుకోలేదు. అప్పుడు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది, ఎందుకంటే షాపులో కస్టమర్ కూర్చుని ఉన్నాడు. 2021లో ఫ్రీక్యాడ్ అనే త్రీడీ మోడలింగ్ ప్రోగ్రాం 0.19 వెర్షన్ దించుకున్నాను. ఇది పూర్తిగా ఉచితం, కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. యూర్గెన్ రీగెల్, వెర్నర్ మేయర్ అనే ఇద్దరు మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇరవై ఏళ్లు దాటింది. లోపల ఆకారాల లెక్కలన్నీ ఓపెన్ క్యాస్కేడ్ అనే ఇంజిన్ చేస్తుంది. ఫైల్ మన కంప్యూటర్లోనే ఉంటుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. మా వీధిలో ఇది చిన్న విషయం కాదు.

మొదటి మూడు నెలలు కష్టంగానే గడిచాయి. ఒక్కో రకం పనికి ఒక్కో వర్క్‌బెంచ్ ఉంటుంది. స్కెచ్ ఒకచోట గీస్తాం, ప్యాడ్ చేసి దాన్ని పైకి లేపేది ఇంకోచోట, డ్రాయింగ్ షీటు మరోచోట. ఏ బటన్ ఎందులో ఉందో తెలిసేదాకా చేతులు కట్టేసినట్టు ఉంటుంది. నా సలహా ఒక్కటే. అన్నీ నేర్చుకోవాలని కూర్చోకండి. స్కెచ్ గీసే స్కెచర్, దాన్ని ముక్కగా చేసే పార్ట్ డిజైన్, డ్రాయింగ్ షీటు వేసే టెక్‌డ్రా ఈ మూడు చాలు. లేత్ షాపు జాబుల్లో ఎక్కువ శాతం వీటితో అయిపోతాయి.

స్కెచ్‌లో గీతలన్నిటికీ కొలతలు, బంధాలు (ఈ గీత నిలువుగా ఉండాలి, ఆ రెండూ సమానం లాంటి షరతులు) పూర్తిగా ఇస్తే బొమ్మ పచ్చరంగులోకి మారుతుంది. పచ్చబడని స్కెచ్‌ని నేను ముందుకు తీసుకెళ్లను. మా అబ్బాయికి కూడా మొదటిరోజే చెప్పిన మాట ఇది. బంధం లేని గీత ఒకటి మిగిలితే, రేపు వేరే కొలత మార్చినప్పుడు అది తనకి నచ్చిన చోటికి జరుగుతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది స్ప్రెడ్‌షీట్. కారం మిల్లు మోటారుకి వాడే, రెండు షాఫ్టుల్ని కలిపే ఫ్లాంజ్ కప్లింగ్ సంగతి చూడండి. షాఫ్ట్ డయా 35 మిల్లీమీటర్లు, మిగతా కొలతలూ మిల్లీమీటర్లలోనే. షాఫ్ట్, దాని మీద కూర్చునే హబ్ కలిసి తిరిగేలా మధ్యలో పెట్టే ముక్క కీ; ఈ షాఫ్ట్‌కి ప్రామాణిక కీ 10 వెడల్పు, 8 ఎత్తు. కీ కూర్చునే గాడి, అంటే కీవే, లోతు షాఫ్ట్‌లో 5, హబ్‌లో 3.3. హెచ్7 ఫిట్ (రంధ్రం కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే ప్రమాణం) కావాలంటే బోర్, అంటే హబ్ మధ్య రంధ్రం, 35.000 నుంచి 35.025 మధ్య రావాలి. హబ్ బయటి డయా షాఫ్ట్‌కి రెండింతలు, పొడవు ఒకటిన్నర రెట్లు, బోల్టు రంధ్రాల మధ్యల గుండా వెళ్లే వలయం డయా, అంటే పీసీడీ, మూడింతలు. పాలిటెక్నిక్‌లో చదువుకున్న ఈ లెక్కలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో గళ్లుగా రాసి, ప్రతి గడికీ ఒక పేరు పెట్టి, స్కెచ్ కొలతల దగ్గర ఆ పేర్లు ఇచ్చాను. ఒక గడి మారిస్తే కప్లింగ్ రెండు ముక్కలూ వాటంతట అవే మారతాయి. ఇది తయారు చేయడానికి ఒక ఆదివారం పట్టింది. అప్పటి నుంచి అదే ఫైలుతో ఎన్ని కప్లింగులు చేశానో లెక్కలేదు.

ఇక దీని పెద్ద లోపం గురించి దాచకుండా చెప్పాలి. ఫ్రీక్యాడ్ మోడల్‌లో ప్రతి ముఖానికీ, అంచుకీ ఒక నంబరు ఇస్తుంది, ఫేస్6, ఎడ్జ్12 అని. ఆ ముఖం మీద మనం స్కెచ్ పెట్టుకుంటాం. తర్వాత వెనక్కి వెళ్లి ఎక్కడో ఒక మెట్టు కలిపామనుకోండి, నంబర్లన్నీ జరిగిపోతాయి. నిన్నటి ఫేస్6 ఇవాళ ఇంకో ముఖం అవుతుంది. 2022లో ఫ్లాంజ్‌కి లోపలి మెట్టు కలపగానే నాలుగు బోల్టు రంధ్రాలూ హబ్ మీదకి ఎక్కి కూర్చున్నాయి. స్క్రీన్ మీద కనబడింది కాబట్టి సరిపోయింది. చిన్న తేడా అయితే మెషిన్ దాకా వెళ్లేది. ఫ్రీక్యాడ్ వాడేవాళ్లందరికీ ఏళ్ల తరబడి ఉన్న బాధ ఇది. రియల్‌థండర్ అనే మారుపేరుతో కోడ్ రాసే ఒక డెవలపర్ విడిగా చేసిన పరిష్కారాన్ని ప్రధాన ప్రోగ్రాంలోకి తెచ్చి, 2024 నవంబరులో 1.0 వెర్షన్ విడుదల చేశారు. నేను అదే నెలలో మారాను. తేడా స్పష్టంగా ఉంది. ఇంతకుముందు పది మార్పుల్లో రెండు మూడు విరిగేవి, ఇప్పుడు ఎప్పుడో తప్ప విరగవు. అయినా పాత అలవాటు మానలేదు. స్కెచ్‌లని ముఖాల మీద కాకుండా మూల ప్లేన్ల మీదే పెట్టి, ఎంత దూరంలో ఉండాలో స్ప్రెడ్‌షీట్ నుంచి ఇస్తాను. కొత్తవాళ్లు ఈ ఒక్క పద్ధతి పట్టుకుంటే ఏడాది కష్టం తప్పుతుంది.

ఫిల్లెట్ల దగ్గర, అంటే అంచుల్ని గుండ్రంగా చేసేచోట, కూడా జాగ్రత్త కావాలి. రెండు మూడు అంచులు ఒకేచోట కలిసే మూలలో పెద్ద రేడియస్ అడిగితే ఒప్పుకోదు. అందుకే ఫిల్లెట్, చాంఫర్ (అంచుని ఏటవాలుగా కోయడం) అన్నీ చివర్లో వేస్తాను.

వీఎంసీ ప్రోగ్రాం కూడా ఇందులోంచే తీస్తున్నాను. పాత్ అనే వర్క్‌బెంచ్‌కి 1.0 నుంచి క్యామ్ అని పేరు మార్చారు. స్టాక్ కొలత ఇచ్చి, టూళ్లు ఎంచుకుని, ప్రొఫైల్, పాకెట్, డ్రిల్లింగ్, అడాప్టివ్ ఆపరేషన్లు వరసగా పెట్టి, చివర్లో మన మెషిన్ కంట్రోలర్‌కి సరిపడే భాషలోకి మార్చే పోస్ట్ ప్రాసెసర్‌తో జీ కోడ్, అంటే మెషిన్ చదివే ఆదేశాలు, తీస్తాం. అడాప్టివ్ కటింగ్ నాకు బాగా నచ్చింది. టూల్ మీద భారం ఒకేలా పడుతుంది, మెషిన్ శబ్దం విన్నా తెలుస్తుంది.

ఇక్కడ రెండు చోట్ల అందరూ దెబ్బతినే అవకాశం ఉంది. మొదటిది ఫీడ్, అంటే టూల్ ముందుకు కదిలే వేగం. 10 మిల్లీమీటర్ల నాలుగు పళ్ల కార్బైడ్ ఎండ్ మిల్ (మిల్లింగ్‌లో కోసే టూల్)తో ఈఎన్8 స్టీలు మీద నిమిషానికి 100 మీటర్ల కటింగ్ స్పీడ్ పెడితే సుమారు 3180 ఆర్‌పీఎం. పంటికి 0.05 చొప్పున ఫీడ్ నిమిషానికి 636 మిల్లీమీటర్లు. మామూలు యూనిట్ల సెట్టింగులో ఫ్రీక్యాడ్ వేగాన్ని సెకనుకి మిల్లీమీటర్లలో లెక్కపెడుతుంది. యూనిట్ రాయకుండా 636 అని కొడితే అది నిమిషానికి 38,160 అవుతుంది. ప్రిఫరెన్సెస్‌లో సీఎన్‌సీకి సరిపోయే యూనిట్ల పద్ధతి ఉంది. ఇన్‌స్టాల్ చేసిన వెంటనే దానికి మార్చేయండి.

రెండోది ఎత్తు. టూల్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగే క్లియరెన్స్ ఎత్తుని స్టాక్ పై ముఖానికి 5 మిల్లీమీటర్లు పైన, సేఫ్ ఎత్తుని 3 పైన ఫ్రీక్యాడ్ తనంతట తానే పెట్టుకుంటుంది. మేము జాబ్‌ని పై నుంచి క్లాంపులతో బిగిస్తాం. స్టడ్, నట్ కలిపి 20, 25 పైకి ఉంటాయి. సిమ్యులేషన్‌లో అంతా శుభ్రంగా నడుస్తుంది, ఎందుకంటే మనం బిగించిన క్లాంపు సంగతి దానికి తెలియదు. ఒకరోజు రాత్రి తొమ్మిదికి ఎండ్ మిల్ నేరుగా నట్‌కి తగిలి విరిగింది. ఎత్తులు మార్చకుండా ప్రోగ్రాం తీసింది నేనే. ఎవరికీ దెబ్బ తగలకపోవడమే నాకు పెద్ద ఊరట. ఇప్పుడు క్లియరెన్స్ 40కి తక్కువ పెట్టను. మొదటి ముక్క టూల్‌ని 50 పైకి లేపి గాలిలో నడిపించాకే కోత మొదలవుతుంది.

లేత్ పనికి ఇందులో సిద్ధంగా ఉన్న టర్నింగ్ ఆపరేషన్లు లేవు. నాకు లోటు అనిపించలేదు, మా లేత్‌లు చేత్తో తిప్పేవే. టెక్‌డ్రాలో రెండు వ్యూలు, ఒక సెక్షన్, టాలరెన్సులు వేసి ఏ4 కాగితం మీద ప్రింట్ ఇస్తాను. మా దగ్గర ముప్పై ఏళ్లుగా లేత్ మీద ఉన్న బాబాయ్ మొదట్లో ఆ కాగితం పక్కన పెట్టి విరిగిన ముక్కనే మళ్లీ కొలిచేవాడు. ఇప్పుడు "సెక్షన్ ఇంకాస్త పెద్దగా వెయ్యి బాబూ, కీవే అంకె కనబడట్లేదు" అని అడిగి వేయించుకుంటాడు. కీవే మేము చేయం, పక్క వీధిలో స్లాటింగ్ మెషిన్ దగ్గరికి పంపుతాం. ఆ కాగితం ముక్కతోపాటు వెళ్తుంది. ఫోన్లో అరుచుకోవడం తగ్గింది.

వంపులు తిరిగిన ఉపరితలాలు, ప్లాస్టిక్ మోల్డులు, డైలు చేసేవాళ్లకి నేను దీన్ని సిఫార్సు చేయను. ఆ త్రీడీ కోతలో ఇది ఇంకా వెనకబడే ఉంది, డబ్బు పెట్టి మంచి ప్యాకేజీ కొనుక్కోవడమే మేలు. వందల ముక్కల అసెంబ్లీ కూడా నెమ్మదిస్తుంది. బయటివాళ్లు పంపే స్టెప్ ఫైళ్లు (వేర్వేరు క్యాడ్ ప్రోగ్రాంలు పంచుకునే త్రీడీ ఫైళ్లు) మాత్రం ఇంతవరకు ఇబ్బంది లేకుండా తెరుచుకున్నాయి. మాది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, ఒక్కో ముక్క మోడలింగుకి సరిపోతోంది.

ఈ మార్చిలో గుంటూరు మిల్లు ఆయన మళ్లీ వచ్చారు. పెద్ద మోటారు పెట్టారట, షాఫ్ట్ 40. ఫైల్ తెరిచి షాఫ్ట్ గడిలో 40, కీ వెడల్పు గడిలో 12 కొట్టాను. హబ్‌లో లోతు ఆ సైజుకీ 3.3 కాబట్టి ముట్టుకోలేదు. హబ్ 80కి, పీసీడీ 120కి వాటంతట అవే పెరిగాయి, స్కెచ్‌లన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆయన టీ తాగడం అయ్యేలోపు ప్రింట్ బాబాయ్ చేతిలో పెట్టాను.