జీబోర్డ్ రష్యన్ కీబోర్డు బాగుంది, బ్రాకెట్ల సంగతి మాత్రం మనమే నేర్చుకోవాలె

నల్గొండ, పాలమూరు నుంచి ఎంబీబీఎస్‌కు రష్యా పోయే పిల్లల ఫోన్లలో విమానం ఎక్కకముందే రెండు ఉండాలె: రష్యన్ కీబోర్డు (గూగుల్ వాళ్ల జీబోర్డ్ యాప్‌లో ఉంటది), అనువాద యాప్. పాఠాలు ఇంగ్లిష్‌లో నడిచినా హాస్టల్ వార్డెన్, తోటి విద్యార్థులు, రేపు వార్డులో పేషెంట్లు మాట్లాడేది రష్యనే. జీబోర్డ్‌కు ఐదుకు నాలుగున్నర ఇయ్యొచ్చు. అనువాద యాప్‌లకు చాటింగ్ వరకు రెండున్నర దాటదు.

కీబోర్డు పెట్టుకోవడం నిమిషం పని. సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్, రష్యన్. తర్వాత స్పేస్ బార్ నొక్కి పట్టి తెలుగు, ఇంగ్లిష్, రష్యన్ మార్చుకోవచ్చు. అక్షరాలు 33, కీలు అన్ని లేవు. అందుకే 'యో' కావాలంటే 'యె' కీ నొక్కి పట్టాలి. కఠిన గుర్తు (ъ) అనే అక్షరం కూడా అట్లనే మెత్తని గుర్తు (ь) కింద దాక్కొని ఉంటది. మొదటి వారం కళ్లు మోసపోయేది ఇంగ్లిష్ పోలికల దగ్గర: 'సి' లాంటిది స, 'పి' లాంటిది ర, 'హెచ్' లాంటిది న. ఆటో కరెక్షన్ ఆపుకుంటే పొట్టి మాటలు మారిపోకుండా ఉంటాయి.

ఇక బ్రాకెట్. రష్యన్లు :) అనే నవ్వు ముఖానికి కళ్లు, అంటే కోలన్, పెట్టరు, ఒట్టి ) చాలు. కంప్యూటర్‌లో రష్యన్ లేఅవుట్ పెడితే కోలన్ షిఫ్ట్‌తో 6 మీదికి పోతది. ఆ ఇబ్బందికే కళ్లు రాలిపోయి నోరు మిగిలిందని చెప్తారు. ఫోన్‌లో కోలన్ చేతికి అందినా అలవాటు పోలేదు. ఒక్క ) అంటే మర్యాద. ))) అంటే నిజంగా నవ్వొచ్చింది. ((( అంటే బాధ.

మనం "ఎక్కడున్నవ్ అన్నా" అంటాం. అందులో 'అన్నా' తీసేస్తే నిలదీసినట్టు ఉంటది కదా, చాట్‌లో ఆ ఒక్క బ్రాకెట్‌ది సరిగ్గా ఆ పనే. "ఖరషో)" అంటే సరే తియ్ అన్నట్టు. "ఖరషో." అని చుక్క పెడితే, ముఖ్యంగా కుర్రకారుకు, మూతి ముడిచినట్టు తోస్తది. చదువుకున్న అలవాటుతో ప్రతి వాక్యానికీ చుక్క పెట్టే మన పిల్లలు ఇక్కడే తెలియకుండా కోపిష్ఠులు అయిపోతారు. ప్రొఫెసర్‌కు రాసేటప్పుడు మాత్రం బ్రాకెట్లు వద్దు. చుక్కలు పెట్టి, 'మీరు' అనే 'వీ' వాడాలె.

అనువాద యాప్ ఆ బ్రాకెట్‌ను ఉన్నదున్నట్టు దించుతది, అర్థం చెప్పదు. పొట్టి మాటల దగ్గర కూడా దాన్ని నమ్మొద్దు. స-ప-స మూడక్షరాలు వస్తే స్పసీబ, థాంక్స్ అని. ప-ఝ అంటే ప్లీజ్, ద-జ హోంవర్క్, ద-ర పుట్టినరోజు. "రేపు పారా లేదు)" అని గ్రూపులో వస్తే యాప్ 'జంట లేదు' అనొచ్చు, ఎందుకంటే నిఘంటువులో పారా అంటే జత. కాలేజీలో దాని అర్థం 45 నిమిషాల పీరియడ్లు రెండు కలిపిన 90 నిమిషాల క్లాసు. క్లాసు లేదన్న ముచ్చట అట్ల చేజారితే పొద్దున్నే మంచులో పోయి తాళం చూసి రావాలె.

ఖ-జ తో జాగ్రత్త. ఎక్స్ పక్కన 3 లాగా కనిపిస్తది, 'ఏమో, తెల్వదు' అని వాడతారు. మూలం బూతు, వార్డెన్‌కు పంపొద్దు.

ఉత్తరం చివర 3 లాంటి అక్షరంతో మొదలయ్యే రెండక్షరాలు వస్తే అది పి.ఎస్. (తాజా కలం) అనే. లేఅవుట్ ఇంగ్లిష్‌కు మార్చకుండానే ఆ రెండు కీలు కొడితే పడే అక్షరాలవి, పొరపాటే పదమై నిలిచింది.

ల్యాప్‌టాప్ ఇక్కడ కొని తీసుకుపోయేవాళ్లు రష్యన్ అక్షరాల స్టిక్కర్లు అతికించుకోవాలె, మన కీల మీద ఆ అక్షరాలు ఉండవు. విండోస్‌లో లేఅవుట్ మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి. ) కోసం రెండు లేఅవుట్లలోనూ షిఫ్ట్‌తో 0 నే.