ఇరవై చీటీలతో ఒక ఎన్నికల పాఠం: మా ఊరి గ్రంథాలయంలో నాలుగు గురువారాలు

న్యూజెర్సీలో మా ఊరి గ్రంథాలయం వారు మధ్యంతర ఎన్నికల మీద నాలుగు వారాల ఉచిత తరగతి పెట్టారు. నాకు పౌరసత్వం వచ్చి ఏడాదయింది. 2026 నవంబరు 3న నా తొలి మధ్యంతర ఓటు. అందుకే ఒక్క రోజూ మానలేదు.

తెనాలిలో ఉన్న నాన్నగారికి ఫోనులో ఈ సంగతి చెప్పగానే, "అప్పుడే ప్రభుత్వం పడిపోయిందా అమ్మా?" అని కంగారుపడ్డారు. మనకు మధ్యంతరమంటే గడువు తీరకముందే సభ రద్దయి వచ్చే ఎన్నిక. ఇక్కడ అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం సగానికి వచ్చేసరికి ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, ఎగువ సభ సెనేట్‌లో దాదాపు మూడో వంతుకూ తప్పనిసరిగా జరుగుతుంది.

పాఠం చెప్పినావిడ హైస్కూల్లో చరిత్ర బోధించి రిటైరయ్యారు. మొదటి రోజు గోడ పొడవునా గ్రాఫు కాగితం అంటించి 1934 నుంచి 2022 దాకా 23 గీతలు గీశారు. అధ్యక్షుడి పార్టీకి ప్రతినిధుల సభలో స్థానాలు పెరిగితే గీత పైకి, తగ్గితే కిందికి. పైకి లేచినవి మూడే: 1934, 1998, 2002. ఒబామా కాలంలో 2010 నాటి గీత 63 స్థానాల లోతుకు దిగింది. 1938 ఒక్కటే దానికంటే లోతు.

రెండో గురువారం కోసమే ఈ తరగతికి వెళ్లవచ్చు. ఇరవై మందికి ఇరవై చీటీలు పంచారు. ఒక్కో చీటీలో ఒక్కో ఓటరు. టీచరుగారు చెప్పిన ఏడాదిలో ఆ ఓటరు ఓటేసి ఉంటే నిలబడాలి, లేకపోతే కూర్చోవాలి. నా చీటీలో "19 ఏళ్ల విద్యార్థిని, 2008లో తొలి ఓటు" అని ఉంది. ఒబామా గెలిచిన 2008 అనగానే పన్నెండు మందిమి లేచి నిలబడ్డాం. 2010 అనగానే నాతో పాటు నలుగురు కూర్చోవాలి. పక్కన పింఛనుదారు చీటీ ఉన్నాయన అలాగే నిలబడ్డారు. గెలిచిన ఊపులో వచ్చినవాళ్లు ఇంట్లో ఉండిపోతారు, కోపం ఉన్నవాళ్లు మాత్రం వస్తారు. ఎంత చదివినా ఇంత స్పష్టంగా నాకు ఎక్కేది కాదు.

అయితే ఓటు మార్చుకున్నవాళ్లకు ఆ ఇరవైలో ఒక్క చీటీ కూడా లేదు. ఇదే ఈ తరగతిలోని పెద్ద లోపం. 2018లో ఓటర్లు ఇళ్లలో కూర్చోలేదు. అర్హులలో సుమారు సగం మంది ఓటేశారు, 1914 తరువాత మధ్యంతరంలో అంత పోలింగు లేదు. అయినా అప్పటి అధ్యక్షుడు ట్రంప్‌ రిపబ్లికన్ పార్టీ ప్రతినిధుల సభలో నలభై స్థానాల దాకా పోగొట్టుకుంది. మా న్యూజెర్సీలోనే 12 స్థానాల్లో ఐదు ఉన్న రిపబ్లికన్లకు ఒక్కటే మిగిలింది. ఎప్పుడూ రిపబ్లికన్లకే వేసే శివారు ఇళ్లవాళ్లు కొందరు ఎదుటి డెమోక్రాట్లకు వేయకపోతే అది జరిగేది కాదు. ఈ మాట అడిగితే టీచరుగారు నొచ్చుకోలేదు. మరుసటి వారం మా రాష్ట్రపు నియోజకవర్గాల పటం చేత్తో గీసి తెచ్చి, చేతులు మారిన నాలుగింటికీ రంగు వేసి చూపించారు. ఆ పటం నకలు ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

మూడో వారం 1998, 2002 గురించి బాగా చెప్పారు. క్లింటన్‌పై అభిశంసన ప్రయత్నం ప్రత్యర్థులకే బెడిసికొట్టడం, సెప్టెంబరు 11 దాడుల తరువాత జనం బుష్ వెనక నిలవడం. సెనేట్‌కు మాత్రం చివరి రోజు పావుగంటే దక్కింది. 2018లో ట్రంప్ పార్టీ అక్కడ రెండు స్థానాలు పెంచుకున్న వైనం ఇంకో గంట అడిగే విషయం.

సాయంత్రం ఆరున్నరకు మొదలు. పని ముగించుకుని వచ్చేవాళ్లకు కుర్చీ దొరకడం కష్టం, పావుగంట ముందే వెళ్లండి. తరువాతి విడత సెప్టెంబరులో ఉంది. మా వారి పేరు ఇప్పటికే రాయించాను.